రత్నం గారు బొండం అడిగారట

కనకరత్నానికి సైకిలు నేర్పింది ఆవిడ మొగుడు సాలమోనే. అతను దర్జీ. నగరం సెంటర్లో మెషీను పెట్టుకుని లాగూలూ జాకెట్లూ కుట్టేవాడు. పెళ్ళయిన రెండో ఏడు ఆవిడకి కుష్టు నివారణ కేంద్రంలో ఉద్యోగం వచ్చింది. ఊరూరూ తిరగాలి కదా అని కేంద్రం వాళ్ళు ఓ ఆడసైకిలు ఇచ్చారు. ఇచ్చారు గానీ అది డెబ్బై ఏడో సంవత్సరం. ఆ పక్క ఆడమనిషి సైకిలెక్కితే నాట్లు వేసేవాళ్ళు కూడా నడుములెత్తి చూసే కాలం. అందుకని జనం లేవకముందే కాలవగట్టు మీద సాలమోను సీటు పట్టుకుని వెనకాల పరిగెత్తేవాడు. ఓ రోజు చెప్పకుండా వదిలేశాడు. ఆవిడ వెళ్ళి వెళ్ళి గుర్రపుడెక్కలో పడింది.

"తొక్కడం వచ్చేసినట్టే. ఇంక ఆపడం ఒక్కటే," అన్నాడు సాలమోను గట్టు మీద కూర్చుని.

"ముందు నన్ను లాగండి. తర్వాత నవ్వుదురు గాని," అంది రత్నం, మెడ దాకా ఆకుల్లో ఉండి.

అలా మొదలైంది ఆవిడ ఉద్యోగం.

పని చెప్పడానికి సుళువే. ఇంటింటికీ వెళ్ళాలి. ఒంటి మీద రంగు తగ్గిన మచ్చ ఏదైనా ఉందా అని అడగాలి. ఉంటే ఆ మనిషిని కళ్ళు మూసుకోమని, కోడి ఈకతో మచ్చ మీద రాసి, తెలుస్తోందా లేదా కనుక్కోవాలి. తెలియకపోతే అది ఆ జబ్బే. ఊళ్ళో ఎవరూ పేరు పెట్టి అనరు, పెద్దరోగం అంటారు. అక్కడి నుంచి నెలనెలా తెల్లమాత్రలు ఇవ్వాలి. మింగుతున్నారో పెరట్లో పారేస్తున్నారో చూసుకోవాలి. చెయ్యి కాలినా కాలు తెగినా నొప్పి తెలియని వాళ్ళకి వాటిని కాపాడుకోవడం నేర్పాలి. మాత్రలు ఏళ్ళ తరబడి మింగాలి. మధ్యలో మానేస్తే వేళ్ళు వంగిపోతాయి, అరికాళ్ళకి పుళ్ళు పడతాయి. శుక్రవారం శుక్రవారం లాకుల దగ్గర మూతబడ్డ రైసుమిల్లు గోడౌనులో క్లినిక్కు పెట్టేవారు. ఇదీ సంగతి.

చిక్కల్లా ఆ పనిలో మనుషులు నిలవకపోవడమే. రత్నానికి ముందు ఎంతమంది వచ్చి వెళ్ళారో ఆ ఊళ్ళ వాళ్ళని అడిగితే కథలు కథలుగా చెబుతారు. ఒకాయనకి అద్దెకిచ్చిన ఇంటావిడ, ఆయన చేసే పనేమిటో తెలిసిన రోజున పరుపూ మరచెంబూ అరుగు మీద పెట్టి లోపల గడియ వేసుకుంది. ఇంకొకాయన మాత్రలు పంచుతూనే బ్యాంకు పరీక్షకి చదువుకుని, పాసై, చాక్లెట్లు పంచి పోయాడు. ఒకావిడకి కుదిరిన సంబంధం తప్పిపోయింది, ఆవిడ ఏడుస్తూ పుట్టింటికి వెళ్ళిపోయింది. అందరికంటే ఘనుడు ఒక కుర్రాయన. చేరిన వారంలోనే భోజనానికని వెళ్ళి మళ్ళీ రాలేదు. కేంద్రం వాళ్ళిచ్చిన సైకిలు మాత్రం రాజోలు బస్టాండులో గోడకి ఆనించి, తాళం వేసి, బుద్ధిగా ఉంది.

వెళ్ళేవాళ్ళెవరూ రోగులకి చెప్పి వెళ్ళేవారు కాదు. అది కేంద్రం పద్ధతి. చెబితే జనం దిగులుపడి మాత్రలు మానేస్తారని పైవాళ్ళ ఆలోచన. శుక్రవారం వచ్చేసరికి కుర్చీలో కొత్త మొహం ఉండేది. ఆ కొత్త మొహం మళ్ళీ మొదటి నుంచి, చొక్కా విప్పు, పంచె పైకి లాగు, ఎప్పటి నుంచి, ఇంట్లో ఇంకెవరికుంది, అని మొదలెట్టేది. ఆడవాళ్ళకయితే మరీ నరకం. ఎవరికీ చెప్పుకోని చోట ఉన్న మచ్చని ఒకరికి చూపించడానికే ప్రాణం చచ్చిపోతుంది, ఏడాదికొకరికి చూపించమంటే ఎవరు చూపిస్తారు? అందుకే ఒక్కో మనిషి వెళ్ళినప్పుడల్లా కొందరు రావడం మానేసేవారు. మళ్ళీ వేలు వంగాకో, కాలు పుండయ్యాకో వచ్చేవారు.

ఇలా వచ్చేపోయే వాళ్ళని చూసి చూసి జనం ఓ కొలత పెట్టుకున్నారు. కొత్తగా వచ్చిన వాళ్ళకి మర్యాద చెయ్యాలి కదా, ముందు బొండం కొట్టి ఇస్తారు. కోనసీమలో బొండానికి లోటేముంది. ఇక్కడే ఉంది కిటుకంతా. బొండంలో నీళ్ళు ఎవరి చెయ్యీ తగలనివి, భయమున్నవాడు కూడా హాయిగా తాగేస్తాడు. రెండోసారి వచ్చినప్పుడు గ్లాసుతో మజ్జిగ ఇస్తారు. ఆ గ్లాసు వాళ్ళ ఇంట్లోది, ఆ మజ్జిగ వాళ్ళ చేత్తో చిలికింది. "అబ్బే మజ్జిగ వద్దండీ, బొండం ఉంటే చాలు" అన్నాడంటే వాళ్ళకి అర్థమైపోతుంది. ఈయన భయపడుతున్నాడు, ఎక్కువ రోజులుండడు, ఈయనకి అన్నీ చెప్పుకోనక్కర్లేదు. మాట పైకి రాదు. ఊరి నుంచి ఊరికి మాత్రం పాకిపోతుంది, ఫలానా ఆయన బొండం మనిషి, అని.

రత్నానికి ఇదేమీ తెలియదు. తెలియకుండానే మొదటి రోజునే నెగ్గేసింది.

అప్పనపల్లి పక్కన కొబ్బరిపీచు తాళ్ళు పేనే వీరాయమ్మ ఇంటికి వెళ్ళేసరికి మిట్టమధ్యాహ్నం. వీరాయమ్మ అప్పటికే ఎంతమందికో ఒళ్ళు చూపించి విసిగిన మనిషి. ఎడమచేతి చిటికెన వేలు అప్పుడే కొంచెం ముడుచుకుంటోంది. రత్నాన్ని చూసి లేవలేదు కూడా.

"బొండం కొట్టిస్తానుండండి," అంది.

"బొండం ఏం ఆనుతుందక్కా, కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయి. ఆ కుండలో మజ్జిగేనా? కాస్త అన్నం కూడా ఉంటే కలుపుకుని తింటాను," అంది రత్నం సైకిలు స్టాండు వేస్తూ.

వీరాయమ్మ చేతిలో పీచు పక్కన పెట్టి లేచింది.

"మా ఇంట్లోనా?"

"మీ ఇంట్లో కాకపోతే పక్కింట్లో అడుక్కోమంటావా?"

ఆ సాయంత్రానికే రత్నం గారు అన్నం తిన్నారనీ, ఆవకాయ కూడా వేయించుకున్నారనీ నాలుగూళ్ళకి తెలిసిపోయింది. తర్వాతి శుక్రవారం ఎప్పుడో మానేసిన వాళ్ళు కూడా గోడౌను ముందు వచ్చి కూర్చున్నారు.

అలా ఏడేళ్ళు గడిచాయి. వీరాయమ్మ వేలు ఎక్కడ ఆగిందో అక్కడే ఉండిపోయింది, రెండో వేలికి పాకలేదు. ఆవిడ తాళ్ళు పేనడం మానలేదు.

అంతవరకూ బాగానే ఉంది. రత్నం నిలబడింది గానీ పక్కవాళ్ళు నిలబడలేదు. రాజోలు వైపు చూసే ఆయన మస్కట్ వెళ్ళిపోయాడు. అతని ఊళ్ళు కూడా రత్నం చూడాల్సి వచ్చింది. లంకల వైపు చూసే ఆవిడ కాన్పుకి వెళ్ళి రాలేదు. అవీ రత్నానికే వచ్చాయి. సూపర్‌వైజరు పాపారావు గారు మంచాయనే. ఎప్పుడూ ఒకే మాట.

"ఈ నెలకి సర్దుకో అమ్మా రత్నం. కొత్తవాళ్ళు వచ్చేస్తున్నారు."

"ఏ నెలకి సర్దుకోవాలో కాస్త సరిగ్గా చెప్పండి సార్. పోయిన నెలా ఇదే చెప్పేరు."

"నేను మాత్రం ఏం చెయ్యనమ్మా? పైన అడుగుతూనే ఉన్నాను. వచ్చినవాళ్ళు ఆ ఫీల్డు చూసి పారిపోతున్నారు."

"నేను పారిపోలేదనా నాకీ శిక్ష?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకునేవాడు. కళ్ళజోడు తీశాడంటే ఇంక ఆయన దగ్గర జవాబు లేదని.

పని అంటే మాత్రలొక్కటే అయితే బాగుండును. ఈ ఇంట్లో కోడలికి మచ్చ కనబడిందని పుట్టింటికి తోలేశారు, వెళ్ళి అత్తగారి కాళ్ళు పట్టుకోవాలి. ఆ ఇంట్లో తండ్రిని పశువులపాకలో పెట్టారు, వెళ్ళి కొడుకులతో పోట్లాడాలి. బళ్ళో పిల్లాణ్ణి వెనక్కి కూర్చోబెట్టారు, మాస్టారితో మాట్లాడాలి. ఎవరికీ చెప్పుకోలేని మాటలన్నీ తెచ్చి ఆవిడ ఒళ్ళో పోసేవారు. పోసి వాళ్ళు తేలికపడేవారు. ఆవిడ ఎక్కడ పోసుకోవాలి?

మొదట నవ్వులాటగానే ఉండేది. చర్చిలో అయ్యగారు ప్రార్థనకి చేతులెత్తమంటే అందరూ కళ్ళు మూసుకునేవారు, రత్నం మాత్రం ఎత్తిన చేతుల్లో ఎవరి మోచేతి నరం ఉబ్బి ఉందా అని చూస్తూ ఉండేది, ఆ జబ్బుకి అదీ ఒక గుర్తే కదా. ఇంటికొచ్చి ఆ మాట చెబితే సాలమోను పడీపడీ నవ్వేవాడు. తర్వాత నవ్వు తగ్గింది. పాశర్లపూడి రేవులో పడవెక్కి కూర్చుని అవతలి గట్టు వచ్చినా దిగడం మర్చిపోయింది, పడవ మళ్ళీ ఈ గట్టుకి తీసుకొచ్చేసింది. పడవవాడు, "అమ్మగారికి గోదారి మీద గాలి బాగున్నట్టుంది," అన్నాడు. ఇంట్లో సాలమోను ఏదో చెబుతూంటే ఊఁ కొట్టేది. ఏం చెప్పానో చెప్పు అంటే చెప్పలేకపోయేది.

"మనిషి వస్తోంది గాని నువ్వు రావట్లేదు ఇంటికి," అన్నాడు అతను ఓ రోజు. కోపంగా కాదు, జాకెట్టుకి కాజా కుడుతూ అన్నాడు.

తాతారావుతో జరిగిన దానితో ఆవిడకి భయం పట్టుకుంది. తాతారావు ఒకప్పుడు కొబ్బరి చెట్లెక్కి దింపులు తీసినవాడు. పాదాలకి స్పర్శ పోయాక చెట్టు మానేశాడు. పెద్ద మాటకారి. కేంద్రం వాళ్ళిచ్చిన నల్ల రబ్బరు చెప్పులు మెత్తగా ఉంటాయి, అవి వేసుకోకుండా తిరగొద్దని ఎన్నిసార్లు చెప్పినా వినడు, అవేసుకుంటే చూసేవాళ్ళకి ఫలానా జబ్బని తెలిసిపోతుందని బాధ. ఓ శుక్రవారం వట్టికాళ్ళతో ఎండలో తారు రోడ్డు మీద నడిచొచ్చి, బొబ్బలెక్కిన అరికాలు చూపించి నవ్వాడు. రత్నానికి ఎక్కడ లేని కోపం వచ్చింది.

"కోసి పారేయిద్దాం ఆ కాలు! పీడా పోతుంది నాకు!"

గోడౌనులో అందరూ తలలెత్తి చూశారు. తాతారావు మాత్రం, "కోసేటప్పుడు నాకెలాగూ తెలీదు కదండీ," అన్నాడు. కొందరు నవ్వారు. రత్నం నవ్వలేదు. కట్టు కట్టింది గాని, ఆ మాట తన నోటి నుంచి వచ్చిందా అని ఆ రాత్రంతా మథనపడింది. కాలు చూస్తే జాలి వెయ్యాల్సింది, ఏమీ వెయ్యలేదు. అదీ ఆవిడ భయం.

సరిగ్గా ఆ రోజుల్లోనే కొత్తపేటలో ఆడపిల్లల హాస్టలుకి మేట్రన్ ఉద్యోగం వచ్చింది. సర్కారు ఉద్యోగం. ఎప్పుడో అప్లికేషన్ పెట్టి మర్చిపోయింది. వచ్చే ఒకటో తారీకు లోపల చేరాలి, లేకపోతే పోతుంది. సాలమోను, "మెషీను ఎక్కడ పెట్టినా కుడుతుంది. వెళ్దాం," అన్నాడు. రత్నం అలాగే అంది. పాపారావు గారికి చెప్పింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, "రోగులకి మాత్రం చెప్పకమ్మా. పద్ధతి తెలుసుగా," అన్నాడు. రత్నానికీ అదే నయమనిపించింది. వీరాయమ్మకి ఏ మొహం పెట్టుకుని చెబుతుంది? చెప్పకుండా జారుకుంటే ఏడుపులుండవు. ఇదివరకటి వాళ్ళంతా ఎందుకలా వెళ్ళారో ఆవిడకి అప్పుడు తెలిసింది.

ఇదిలా ఉండగా కడుపులో మంట మొదలైంది. వేళకి తిండి లేదు, ఇంకేమవుతుంది? అమలాపురంలో డాక్టరు చూసి పుండు పడుతోందన్నాడు. పులుపూ కారం మానెయ్యమన్నాడు, మజ్జిగ ముట్టుకోవద్దన్నాడు, బొండాలు తాగమన్నాడు.

మర్నాడు వీరాయమ్మ ఇంటికి వెళ్ళింది. వీరాయమ్మ ఎప్పట్లాగే గ్లాసు కడిగి మజ్జిగ పోసింది.

"ఇవాళ మజ్జిగొద్దక్కా. బొండం ఉంటే ఇప్పించు."

వీరాయమ్మ చేతిలో గ్లాసు అలాగే ఆగింది. మజ్జిగ మళ్ళీ కుండలో పోసేసి, పక్కింటాయన్ని కేకేసి ఆయన చేత బొండం కొట్టించింది. తను ముట్టుకోలేదు. రత్నం బొండం తాగి, మాత్రలిచ్చి, ఆవులిస్తూ సైకిలెక్కి వెళ్ళిపోయింది. ఆవిడ ఉన్న అలసటలో ఏదీ గమనించలేదు.

ఆ శుక్రవారం గోడౌను ఖాళీ. రత్నం బల్ల మీద మాత్రలు సర్దుకుని కూర్చుంది. ఎవరూ రాలేదు. ఎండ గుమ్మం దాటి లోపలికొచ్చింది. చివరికి తాతారావొక్కడూ చెప్పులు టపటపలాడించుకుంటూ వచ్చాడు.

"ఏరీ అందరూ? ఎక్కడైనా పెళ్ళా?"

"పెళ్ళేటండీ. మీరు బొండం అడిగేరంట కదండీ."

"అడిగితే?"

"అడిగేరా లేదాండీ?"

"అడిగాను. ఏం, బొండం అడగడం నేరమా?"

"అదేనండి. అడిగేరని నాలుగూళ్ళకీ తెలిసిపోయిందండి. ఇంక ఎలాగూ వెళ్ళిపోతారు, రావడం దేనికని ఊరుకున్నారండి. నేనెందుకొచ్చేనంటే, నన్ను తిట్టేరు కదా, తిట్టినాళ్ళు అంత తొందరగా వెళ్ళరని నా ఉద్దేశం."

రత్నానికి ఒక్క ముక్క అర్థం కాలేదు. తాతారావు కూర్చుని బొండం సంగతీ మజ్జిగ సంగతీ, ఇన్నేళ్ళుగా నడుస్తున్న ఆ కొలతంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆవిడ నోరు తెరుచుకుని వింది. బల్ల మీద మాత్రలు సంచిలో పడేసుకుని, తాతారావుకి కట్టు మార్చి, తిన్నగా అప్పనపల్లి దారి పట్టింది.

వీరాయమ్మ తాడు రాట్నం తిప్పుతోంది. ఆపలేదు.

"ఇవాళ క్లినిక్కుకి రాలేదేం అక్కా?"

"పనుందండి."

ఇన్నేళ్ళూ నువ్వు అన్న మనిషి ఇవాళ అక్కా అంటే అండి అంటోంది. రత్నానికి అక్కడే గుచ్చుకుంది.

"కడుపులో పుండక్కా నాకు. డాక్టరు మజ్జిగ మానమన్నాడు. అందుకే బొండం అడిగాను. నీ గ్లాసంటే నాకు భయమా? ఎన్నేళ్ళ నుంచి తాగుతున్నాను!"

రాట్నం ఆగింది.

"పుండా?"

"పుండే."

"మా పుళ్ళకి కట్లు కట్టి కట్టి నువ్వో పుండు తెచ్చుకున్నావా!" వీరాయమ్మ నుదురు కొట్టుకుంది. "ఎంత మాటనుకున్నాం. మొన్నటి నుంచి నాకు అన్నం సహించలేదంటే నమ్ము. అయితే నువ్వు వెళ్ళిపోతన్నావని అందరూ అనేది ఒట్టిదేనన్నమాట."

ఊఁ అంటే సరిపోయేది. వీరాయమ్మ ఇంక మళ్ళీ అడగదు. ఒకటో తారీకుకి కొత్త మొహం కుర్చీలో కూర్చుంటుంది. రత్నం గుమ్మం పక్కన పీచు మోపు మీద కూలబడింది.

"వెళ్తున్నానక్కా."

వీరాయమ్మ గుప్పెడు పీచు చేతిలోకి తీసుకుంది.

"బొండానికీ దానికీ సంబంధం లేదు. కానీ వెళ్తున్నాను. కొత్తపేట, ఆడపిల్లల హాస్టలుకి. ఇంక నావల్ల కావట్లేదు. తాతారావు కాలు చూస్తే నాకు కోపం తప్ప ఏమీ రాలేదు. ఇలా ఉండి మీకేం చేస్తాను?"

వీరాయమ్మ చేతిలో పీచు నలిపింది.

"అక్కడ పిల్లలుంటారా?"

"ఉంటారు. ఇల్లు కూడా పక్కనే."

"వెళ్ళు మరి. ఎవరు మాత్రం ఎన్నాళ్ళు లాగుతారు. నయం, నువ్వు చెప్పేవు. ఇన్నాళ్ళకి చెప్పి వెళ్ళే మనిషిని చూసేను." పీచు కింద పడేసి గట్టిగా అంది. "కాని రత్నం, ఒక్కమాట చెప్తన్నాను. ఆ వచ్చేవాళ్ళెవరో, వాళ్ళ ముందు నేను మళ్ళీ చీర తియ్యను. చచ్చినా తియ్యను. మాత్రలు మానేస్తాను."

"నీ వేలు?"

"పోతే పోయింది వేలు."

"ఒక వేలితో పోదక్కా. చెయ్యి పోతుంది. తాడెలా పేనతావు?"

"పేనను. నాకొకటే ఒళ్ళు, ఎంతమందికి చూపించను?"

రత్నం ఆ మాట పట్టుకుని తిన్నగా పాపారావు గారి దగ్గరికి వెళ్ళింది. కొత్తమనిషిని నేను వెళ్ళేలోపే పంపండి, నేనే ఇంటింటికీ తిప్పి అప్పజెబుతాను, ఎవరూ మళ్ళీ విప్పక్కర్లేకుండా నేనే అన్నీ చెబుతాను, అంది.

"ఖాళీ అయితేగాని మనిషిని వెయ్యరమ్మా. ఒక కుర్చీకి ఇద్దరు కుదరదు," అన్నాడు ఆయన.

"సార్, ఇవాళ గోడౌనులో నేనూ తాతారావూ ఉన్నాం. నేను వెళ్ళాక తాతారావొక్కడే ఉంటాడు. తర్వాత వాడూ ఉండడు. అప్పుడు కుర్చీ ఎవరికోసం?"

పాపారావు గారు కళ్ళజోడు తీశాడు. తుడిచాడు. ఈసారి మళ్ళీ పెట్టుకున్నాడు.

"పలివెల పిల్ల ఒకతి ట్రైనింగులో ఉంది. తులసి అని. ట్రైనింగులో ఫీల్డు చూడ్డం కూడా ఉందిగా. నీతో చూడమందాం. పద్ధతి గురించి నన్నెవరూ అడక్కపోతే నేనూ ఎవరికీ చెప్పను."

తులసి సన్నగా, బెదురుచూపులతో ఉండే పిల్ల. సైకిలు మాత్రం దూసుకుపోయేలా తొక్కేది. ఆ నెలాఖరు దాకా ఇద్దరూ కలిసి తిరిగారు. ప్రతి గుమ్మం దగ్గరా రత్నం ముందు తను వెళ్తున్నానని చెప్పేది. తర్వాత తులసిని చూపించి ఈవిడ వస్తుంది అనేది. ఒక ముసలమ్మ ఏడ్చింది. ఒకాయన మొహం తిప్పుకుని లోపలికి పోయాడు, మళ్ళీ మర్నాడు ఆయనే రేవు దాకా ఎదురొచ్చాడు. ఒకావిడ, "వెళ్తే వెళ్ళేరు గాని ఆ సైకిలు కూడా తీసుకుపోతారేటండీ?" అని అడిగింది.

మజ్జిగ సంగతి రత్నం తులసికి చెప్పలేదు. చెబితే ఆ పిల్ల కళ్ళు మూసుకుని గుటకేసేస్తుంది, అది మోసం. వీరాయమ్మ ఇంటికి చివర్లో తీసుకెళ్ళింది. వీరాయమ్మ రత్నానికి బొండం ఇచ్చింది. తులసి ముందు రెండూ పెట్టింది, బొండం ఒకటి, గ్లాసుతో మజ్జిగ ఒకటి. పెట్టి చేతులు కట్టుకుని నిలబడింది.

తులసి రెండిటినీ చూసింది. వీరాయమ్మ చేతిని చూసింది. మొహం ఎర్రబడింది.

"నిజం చెప్పమంటారాండీ? నాకింకా భయంగానే ఉందండి. భయపడక్కర్లేదని చదువుకున్నాను. అయినా ఉంది. ఇవాళ్టికి బొండం తాగుతానండి."

రత్నం చేతిలో బొండం కింద పెట్టేసింది. అయిపోయిందనుకుంది.

వీరాయమ్మ మజ్జిగ గ్లాసు తీసుకుని తనే గటగటా తాగేసింది. మూతి తుడుచుకుని, "భయమేసినాళ్ళు చాలామందొచ్చేరు ఈ గుమ్మంలోకి. మజ్జిగిస్తే అందరికీ జలుబే. అందరికీ అప్పుడే భోజనం అయిపోయేది. భయమని చెప్పింది నువ్వొక్కదానివే. కూర్చో," అంది.

తర్వాత రత్నం, వీరాయమ్మ చీర మీద నుంచే వేలుపెట్టి చూపిస్తూ, మచ్చ ఇక్కడ, మొదట ఇంతుండేది, ఇప్పుడు ఇంతే, వేలు ఇలా ఉంది, ఇంతకంటే వంగితే ఆసుపత్రికి పంపాలి అని ఒక్కొక్కటీ చెప్పింది. తులసి వింటూ తలాడించింది. ముట్టుకోలేదు, విప్పమనలేదు.

"నువ్వూ వెళ్ళిపోతావా?" అని అడిగింది వీరాయమ్మ.

"ఏమోనండి. వెళ్తే చెప్పి వెళ్తాను."

"ఆ మాట మీదే ఉండు. మాత్రలు ఇలా పెట్టు."

ఒకటో తారీకున రత్నం కొత్తపేటలో చేరింది. అక్కడా పనికేం తక్కువ లేదు. పిల్లలకి పేలు, దగ్గులు, దెబ్బలాటలు, వంటమనిషితో గొడవలు. కాకపోతే రాత్రయ్యేసరికి అందరూ పడుకునేవారు, ఆవిడ కూడా పడుకునేది. కడుపులో మంట తగ్గుతూ వచ్చింది. సాలమోను సెంటర్లో కొట్టు చూసుకున్నాడు.

మొదటి శుక్రవారం గడిచింది. రత్నానికి ఆ రోజంతా మనసు గోడౌనులోనే ఉంది. ఎవరైనా వచ్చారో లేదో ఎవరినడుగుతుంది?

మర్నాడు మధ్యాహ్నం హాస్టలు గేటు దగ్గర గోల. వాచ్‌మేను ఎవర్నో లోపలికి రానివ్వటం లేదు.

"ఆడపిల్లల హాస్టలయ్యా! నీకేం పని?"

"ఆడపిల్లల్తో నాకేం పనండీ! మా రత్నం గారితో పని. ఉన్నారా లేరా అది చెప్పండి చాలు!"

గొంతు వినగానే రత్నం గేటు దగ్గరికి పరిగెత్తింది. తాతారావు. పాశర్లపూడి రేవు దాటి, అమలాపురంలో బస్సు మారి, చెమటలు కక్కుతూ వచ్చాడు. కాళ్ళకి నల్ల చెప్పులున్నాయి.

"ఉన్నారండీ!" అన్నాడు, ఆవిడ అక్కడ ఉండటం తన ఘనతే అన్నట్టు. "కొత్తపేటన్నారు, హాస్టలన్నారు. సరే, నిజంగా ఉన్నారో లేదో చూసొద్దామని."

"దానికోసం ఇంత దూరం వచ్చావా? నిన్న క్లినిక్కుకి వెళ్ళావా?"

"వెళ్ళేనండి. గుమ్మం దాకా."

"గుమ్మం దాకా ఏమిటి?"

"చూసొచ్చేనండి. అందరూ వచ్చేరు. వీరాయమ్మ అందరికంటే ముందు కూర్చుంది. ఆ పిల్ల బాగానే మాట్లాడతందండి. మంచినీళ్ళడిగి తాగింది కూడాను, ముసలమ్మ చెంబుతోటే."

"మరి నువ్వు లోపలికెందుకు వెళ్ళలేదు?"

తాతారావు నేల చూశాడు.

"ఇదివరకటోళ్ళు ఎక్కడికెళ్ళేరో మాకు తెలీదు కదండీ. చచ్చేరో బతికేరో కూడా తెలీదు. మీరు చెప్పి వెళ్ళేరు. చెప్పింది నిజమో కాదో చూసుకుని, అప్పుడు ఆ పిల్లకి కాలు చూపిద్దామని."

రత్నం అతన్ని పంపు దగ్గరికి తీసుకెళ్ళి, కట్టు విప్పి, కాలు కడిగింది. పుండు మానుతోంది. కడుగుతూంటే తనకి కోపం రాలేదని ఆవిడకి తట్టింది. శుభ్రమైన గుడ్డతో కట్టు కట్టింది. వంటింట్లోంచి అన్నం తెప్పించి పెట్టింది. వాచ్‌మేను దూరంగా నిలబడి చూస్తూనే ఉన్నాడు.

"వచ్చే శుక్రవారం వెళ్తావా?"

"వెళ్తానండి. ఇంకేటి, ఉన్నారు కదా."

బస్టాండు దాకా వెళ్ళి అమలాపురం బస్సెక్కించింది. కండక్టరు కట్టు చూసి వెనక సీటు చూపించబోతే, "ఆయన ఇక్కడ కూర్చుంటారండి, దిగడానికి సుళువు," అని గుమ్మం పక్క సీట్లోనే కూర్చోబెట్టింది. బస్సు కదిలింది. తాతారావు కిటికీలోంచి తల బయటికి పెట్టాడు.

"తులసి గారికేమైనా చెప్పాలాండీ?"

"శుక్రవారం నువ్వు వెళ్ళు, చాలు!" అని అరిచింది రత్నం.